సెన్సారమ్మ

ఆ వీధిలో సెలూన్‌కి వెళ్ళేవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. లోపల కత్తెర ఆయనది, గుమ్మం ఆవిడది. గుమ్మం దాటాలంటే ముందు ఆవిడ ఎదురుగా నిలబడి, ఇవాళ లోపల ఏం మాట్లాడబోతున్నారో చెప్పి, ఒప్పించుకుని వెళ్ళాలి. అందుకే ఎదురుగా "పిన్నిగారూ" అని పిలిచినా, చాటుగా అందరూ ఆవిడకి పెట్టుకున్న పేరు సెన్సారమ్మ. ఆ పేరు ఆవిడ చెవిన పడింది కూడా. కోపం తెచ్చుకోలేదు సరికదా, కాస్త గర్వపడింది.

అలాగని ఆవిడ పుట్టు సెన్సారేం కాదు. నిరుటి దాకా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు మధ్యాహ్నం భర్తకి క్యారేజీ ఇవ్వడానికి షాపుకొచ్చి, నేలంతా పేరుకున్న జుట్టు చూసి, "ఇదేం ఖర్మండీ" అని చీపురు అందుకుంది. అంతే, ఇక ఆ షాపు వదల్లేదు. తువ్వాళ్ళు ఉతకడం, డాబా మీద ఆరేయడం, ఎవరి వంతు ముందో తగువు తీర్చడం ఆవిడ పనులు. ఊళ్ళో కబుర్లు పంచిపెట్టడం ఆవిడ సరదా. ఎవరింట్లో ఎవరికి పడట్లేదో, ఎవరి కప్పు కారుతోందో, ఎవరి అల్లుడు అలిగాడో ఆవిడ చెబుతుంటే, క్షవరం అయిపోయినవాళ్ళు కూడా కుర్చీ దిగేవాళ్ళు కాదు. ఆయన మాత్రం కత్తెర ఆడిస్తూ, "అలాగా" అనేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి వాడిన మాటల్లో సగం ఆ ఒక్క మాటే.

అలాంటి మనిషికి నిరుడు గుండెపోటు వచ్చింది. రావడం కూడా పని మధ్యలో వచ్చింది. టాక్సీ డ్రైవరుకి గడ్డం గీస్తూ, ఎడమ చెంప పూర్తిచేసి, కుడి చెంప మీద నురగ రాసి, చేతిలో కత్తి జాగ్రత్తగా పక్కన పెట్టి, గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఒళ్ళంతా చెమట. టాక్సీ డ్రైవరు అలా సగం నురగతోనే ఆయన్ని బండిలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. గుండెకి రక్తం అందించే నాళం ఒకటి పూడుకుపోయిందన్నారు. స్టెంట్ వేశారు. మనిషి బతికి బట్టకట్టాడు.

అక్కడి నుంచి మొదలైంది అసలు గండం. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ గుండె డాక్టరే. ఒకాయన వెల్లుల్లి మింగమంటాడు, ఇంకొకాయన వెల్లుల్లి ముట్టుకుంటే చచ్చావే అంటాడు. అది కూడా సహించవచ్చు. కానీ ప్రతివాడికీ ఒక మేనమామ ఉంటాడు. "మా మేనమామకీ అచ్చం ఇంతే బాబాయ్. స్టెంట్ వేశారు, ఇంటికొచ్చాడు, నవ్వుతూ టీ తాగాడు, కప్పు కింద పెట్టాడు, అంతే!" అని మంచం పక్కనే కూర్చుని చెప్పడం. ఆయన అటు టీ కప్పు వైపు చూస్తాడు, ఆవిడ ఇటు ఆయన వైపు చూస్తుంది. ఇంతమంది మేనమామలు ఒకేసారి పోయిన ఊరు ఇంకోటి ఉండదు.

దానికి తోడు ఆడపడుచు దిగింది. ఆయనకి అక్క. మాట అంటే శాసనమే. "చూడు, మా వీధిలో ఒకాయనకి ఫోన్లో ఏదో చెడ్డ కబురు చెప్పారు. ఫోను పట్టుకున్న చేత్తోనే పోయాడు. మగాడి గుండె గాజుగ్లాసు. వాడి చెవిన చెడ్డమాట పడిందా, ఆ పాపం నీదే," అని హెచ్చరించి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ కూడా, సిగరెట్టు మానాలి, నడవాలి, మందులు వేళకి వేసుకోవాలి అని చెప్పి, చివర్లో మాటవరసకి, "మనసు మీద మరీ ఒత్తిడి పెట్టుకోకండి," అంది. సెన్సారమ్మకి అన్నిటికంటే బాగా వినబడింది ఆ చివరి మాటే. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం ఆవిడ. మర్నాటి నుంచి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

పద్ధతి చాలా తేలిక. వచ్చినవాణ్ణి ఆపి, మెల్లిగా, "ఏమిటి కబురు?" అంటుంది. మంచిదైతే లోపలికి. చెడ్డదైతే అక్కడే చెప్పేసి, మనసు తేలిక చేసుకుని, ఖాళీగా లోపలికి. సగం సగంగా ఉంటే ఆవిడే కత్తిరించి ఇస్తుంది. "మీ ఆవిడ పుట్టింటికి వెళ్ళిందా? వెళ్ళిందని చెప్పు. అలిగి వెళ్ళిందని చెప్పకు." పేపరు కూడా ఆవిడ చేతులు దాటాకే లోపలికి వెళ్ళేది. వెళ్ళేసరికి అందులో కిటికీలు, తలుపులు ఉండేవి. ఫుట్‌బాల్ ఆటలు ఆయనకి ప్రాణం. ఆటయ్యాక, గెలిస్తేనే చూపించేది. ఆయన లెక్కలో ఆయన అభిమాన జట్టు ఏడాదిగా ఓటమి ఎరగదు. నిజానికి ఆ జట్టు ఎప్పుడో ఒకసారి తప్ప గెలవదు.

పాపం, జనానికే కష్టమైంది. మగాళ్ళు సెలూన్‌కి వచ్చేది క్షవరానికా? కష్టం చెప్పుకోవడానికి. యాక్సిడెంట్లు తప్ప వేరే మాట ఎరగని టాక్సీ డ్రైవరు కుర్చీలో కూర్చుని, "ఇవాళ బళ్ళన్నీ చాలా బాగా వెళ్ళాయి బాబాయ్," అని ఊరుకునేవాడు. గ్యాస్ పొయ్యిలు బాగుచేసే అతను చెప్పడానికి ఏమీ దొరక్క ఎండ బాగుందనేవాడు. పదిమంది మగాళ్ళు వరసగా బెంచీ మీద కూర్చుని ఎండని మెచ్చుకునే సెలూన్ అదొక్కటే.

వీటన్నిటికీ మించింది లెక్కల మాస్టారి సంగతి. రిటైరైన మాస్టారు. వారం వారం వచ్చేవారు. నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ పద్ధతిగా కత్తిరించమనేవారు. మాస్టారికీ తన భర్తకీ ఎంత స్నేహమో ఆవిడకి తెలుసు. ఆ మాస్టారు పోయారని గ్యాస్ పొయ్యి అతను గుమ్మంలో చెప్పగానే ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, గుండె రాయి చేసుకుని, "మాస్టారు గాలి మార్పుకి కొండల వైపు వెళ్ళారని చెప్పు," అంది. చెప్పాడు. ఆవిడ కూడా గుమ్మంలోంచి, "అవునండీ, బ్రహ్మాండంగా వెళ్ళారు," అంది. ఆయన, "అలాగా, సంతోషం," అన్నాడు.

చెప్పినవాళ్ళు అక్కడితో ఆగితే బాగుండును. మర్నాడు టాక్సీ డ్రైవరు, "నేనే స్టేషన్లో దింపాను, చెయ్యి ఊపారు కూడా," అన్నాడు. ఎదురు బేకరీ ఆయన, మాస్టారు ఒళ్ళు చేశారట అన్నాడు. ఇంకో వారానికి మోకాళ్ళ నొప్పులు పోయాయి. నెల తిరిగేసరికి మాస్టారు ఈత నేర్చుకుంటున్నారు. బతికుండగా మాస్టారి ఆరోగ్యం ఎప్పుడూ అంత బాగా లేదు. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, "అలాగా, సంతోషం," అంటూ పని చేసుకునేవాడు. ఆవిడ గుమ్మంలోంచి అది విని, ఈ మనిషి గుండె నా చేతుల్లో భద్రంగా ఉంది అనుకునేది.

తన గుండె ఎవరి చేతుల్లో ఉందో మాత్రం ఆవిడ ఆలోచించలేదు.

డాబా మెట్లెక్కేటప్పుడు మొదలైంది. తడి తువ్వాళ్ళ బకెట్టు పట్టుకుని ఎక్కుతుంటే దవడ లాగినట్టు ఉండేది. మెట్ల మధ్యలో ఆగితే తగ్గేది. పన్ను అయ్యుంటుందని పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పళ్ళు రాళ్ళలా ఉన్నాయని ఆయన మెచ్చుకున్నాడు. తర్వాత వెన్నులో బరువు. దిండు మార్చింది. ఆయాసం. బకెట్టు మార్చి చిన్నది కొంది. బకెట్టు మారింది కానీ ఆయాసం మారలేదు. రాత్రిళ్ళు కడుపులో మంటగా ఉంటే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకునేది. వయసు, గ్యాసు, పని. ఆడదాని ఒంట్లో ఏ నొప్పి వచ్చినా సర్దుకోవడానికి ఈ మూడు గదులూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

గుండె అన్న మాట ఆవిడకి తట్టలేదా? తట్టింది. కానీ గుండెపోటు ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పాలా? కళ్ళారా చూసింది కదా! గుండె పట్టుకోవాలి, చెమటలు పట్టాలి, కూలబడాలి. ఆవిడకి గుండెల్లో నొప్పే లేదు, నొప్పి దవడలో. కాబట్టి అది గుండె కాదు. పైగా సెలూన్‌లో బేకరీ ఆయన ఒకసారి, "ఆడవాళ్ళకి గుండె జబ్బులు రావండీ, మనకి తెప్పిస్తారంతే," అంటే షాపంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది.

ఒకరోజు డాబా మీద, ఆరేసిన తువ్వాళ్ళ చాటున, నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని కూర్చుండిపోయింది. లేవాలంటే భయమేసింది. నిజంగానే భయమేసింది. ఎవరికైనా చెబుదామనుకుంది. కూతురికి చెబితే, కళ్ళజోళ్ళ షాపులో పని మానేసి పరుగెత్తుకొచ్చి నాన్నకి చెప్పేస్తుంది. ఆయనకి చెబితే, ఆ గాజుగ్లాసు ఏమవుతుంది? అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆవిడ పెట్టిన చట్టం ప్రకారం ఆ కబురు గుమ్మం దాటడానికి వీల్లేదు. ఇంట్లో ఒక గుండె జబ్బు చాలు అనుకుని, కొంగుతో మొహం తుడుచుకుని కిందికి దిగింది.

ఆ వారాంతం షాపు కిటకిటలాడుతోంది. కుర్చీలో బేకరీ ఆయన, బెంచీ మీద టాక్సీ డ్రైవరు, గ్యాస్ పొయ్యి అతను, ఇంకో ఇద్దరు. ఆవిడ ఖాళీ బకెట్టుతో డాబా మీంచి దిగొచ్చి, గుమ్మం దగ్గర కుర్చీలో కూలబడినట్టు కూర్చుంది. దవడ నొప్పి ఈసారి ఆగినా తగ్గలేదు. వికారంగా ఉంది. ఎడమ చెయ్యి తనది కానట్టుంది.

సెలూన్‌లో వెనక్కి తిరగక్కర్లేదు, అద్దంలో వీధంతా కనిపిస్తుంది. ఆయన అద్దంలోంచే అడిగాడు.

"ఏమైంది?"

"నాకేమవుతుందండీ? బ్రహ్మాండంగా ఉన్నాను," అంది ఆవిడ. నవ్వింది కూడా.

కత్తెర ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు.

"ఏదీ, ఇంకోసారి అను."

"బ్రహ్మాండంగా ఉన్నానంటున్నాగా!"

ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశాడు. "మాస్టారు పోయినప్పుడు కూడా ఇదే గొంతు," అన్నాడు.

మాస్టారిని ఈత దాకా లాక్కొచ్చినవాళ్ళలో ఒకడైన బేకరీ ఆయన అద్దంలో తన మొహం చూసుకోలేక కళ్ళు మూసుకున్నాడు.

"మీకు... మీకెవరు చెప్పారు?" అంది ఆవిడ.

"ఎవరు చెప్పాలే? అన్ని వారాలు మాస్టారు తల చూపించకపోతే, ఒంట్లో బాగాలేదేమో, ఇంటికెళ్ళి క్షవరం చేసొద్దామని పెట్టె పట్టుకుని వెళ్ళాను. వాళ్ళావిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చి నీతో చెబుదామంటే, నువ్వు అంత కష్టపడి పేపర్లో కిటికీలు కోస్తున్నావు. నీ మనసెందుకు కష్టపెట్టడమని ఊరుకున్నా. మన కప్పు కారింది కూడా తెలుసు. అన్నీ ఇదే గొంతుతో చెప్పావు. మంచి కబురు చెప్పేటప్పుడు నీ గొంతు ఇలా ఉండదు. లే. ఆసుపత్రికి పోదాం."

"గ్యాసండీ..."

"గ్యాసైతే వాళ్ళే చెబుతారు. లేమ్మా," అన్నాడు ఆయన. పెళ్ళినాటి నుంచి ఆవిడని "అమ్మా" అని పిలవడం అదే మొదలు. ఆవిడకి అప్పుడు అసలైన భయం పట్టుకుంది.

టాక్సీ డ్రైవరు అప్పటికే లేచి తాళాలు తీశాడు. "పోయినసారి సగమైనా గీశారు. ఈసారి అదీ లేదు. పదండి పిన్నీ," అన్నాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఒకడుంటాడని ఊరికే అన్నారా? బండిలో దారి పొడుగునా ఆవిడ మనసులో నొప్పి కంటే ఆ రోషమే ఎక్కువగా ఉంది. ఇన్నాళ్ళూ ఈ మనిషి "అలాగా, సంతోషం" అంటూ నాటకం ఆడాడా? తన చుట్టూ వీధి వీధంతా ఆడుతున్న నాటకంలో ఆయనొక్కడే ప్రేక్షకుడనుకుంటే, అందరికంటే పెద్ద నటుడు ఆయనే! అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. మాస్టారి ఇంటికెళ్ళాడు, ఏడ్చాడు, నడిచి ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు. గాజుగ్లాసుకి ఏమీ కాలేదు.

ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒకతను పరుగెత్తుకొచ్చాడు. "గుండె నొప్పి," అని టాక్సీ డ్రైవరు అరిచాడు. వచ్చినతను ఇద్దర్నీ చూశాడు. ఒక మగమనిషి, కంగారుగా, చెమటతో. పక్కన ఒక ఆడమనిషి, చేతిలో సంచీ. ఇంకేం ఆలోచించలేదు. మగమనిషిని భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, తోసుకుపోయాడు. సంచీ పట్టుకుని ఆవిడ వెనకాల నడిచింది. నడవడమే కాదు, "మెల్లిగా తొయ్యండి బాబూ, ఆయనకి స్టెంట్ ఉంది," అని జాగ్రత్తలు కూడా చెప్పింది.

"నాక్కాదయ్యా! ఆవిడకి! ఆవిడకి నొప్పి!" అని ఆయన కుర్చీలోంచి లేవబోతూ అరుస్తున్నాడు.

"కంగారు పడకండి సార్, మీకేం కాదు," అని అతను ఇంకా వేగంగా తోస్తున్నాడు.

జన్మలో గొంతెత్తని మనిషి. వరండా అదిరిపోయేలా, "మా ఆవిణ్ణి కూర్చోబెట్టండిరా!" అని కేకపెట్టి, కాళ్ళు నేలకి తన్నిపట్టి కుర్చీ ఆపేశాడు. వెనక్కి తిరిగేసరికి ఆవిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది. సంచీ కింద పడింది. "అరవకండీ, మీకు మంచిది కాదు," అంది. ఇక నిలబడలేకపోయింది.

ఆ తర్వాత జరిగింది ఆవిడకి ముక్కలు ముక్కలుగా గుర్తు. దీపాలు, చల్లటి బల్ల, ఎవరో పేరు అడగడం, పోయినసారి ఆయన్ని చూసిన డాక్టరమ్మే మొహం మీదికి వంగి, "ఎన్నాళ్ళ నుంచి?" అనడం. ఏం జవాబు చెప్పిందో గుర్తులేదు. అలవాటు కొద్దీ బాగున్నాననే చెప్పి ఉంటుంది.

సాయంత్రానికి గదిలోకి మార్చారు. తలుపు బయట కూతురి గొంతు వినబడుతోంది. గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటోంది కానీ, తల్లి పోలిక, గుసగుస రాదు.

"నాన్నా, అమ్మతో అంతా బాగుందని చెప్పు. డాక్టరమ్మ అన్నదేదీ చెప్పకు. అత్తయ్య ఫోన్ చేసి మరీ చెప్పింది. నవ్వుతూ వెళ్ళు."

ఆయన లోపలికొచ్చాడు. నవ్వడానికి ప్రయత్నించాడు కానీ కుదరలేదు. చొక్కా మీద బేకరీ ఆయన జుట్టు ఇంకా అలాగే ఉంది. మంచం పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలియక దుప్పటి సర్దాడు.

"షాపు?" అంది ఆవిడ.

ఆయన తలుపు వైపు చూశాడు. కూతురు గాజు తలుపు అవతల నిలబడి, బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది.

"షాపు తలుపులు బార్లా తెరిచి వచ్చేశాం," అన్నాడు. "బేకరీ ఆయన సగం తలతో తిరుగుతున్నాడు. వాన పడింది, డాబా మీద తువ్వాళ్ళన్నీ తడిశాయి. నువ్వు పోయిన వారం దాచిన ఉత్తరం, షాపు అద్దె గురించి, అదీ నాకు తెలుసు."

కూతురు బయట నెత్తి కొట్టుకుంది.

"డాక్టరమ్మ ఏమంది?" అంది ఆవిడ.

"రెండు చోట్ల పూడుకుపోయిందంది. నెలల నుంచి నొప్పి ఉండే ఉంటుందంది. ఒకటి తెరిచారు, రెండోదాని సంగతి చూడాలంది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేదానివి కాదంది." ఆయన మళ్ళీ దుప్పటి సర్దాడు. "బయట కుర్చీలో కూర్చుని ఏడ్చానే. సిగ్గులేకుండా, అందరి ముందూ. నువ్వు లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీలేదు. భయమేసింది."

ఆవిడ కళ్ళు ఆయన మొహం మీద కాకుండా ఆయన గుండెల మీద నిలిచాయి. చొక్కా పైకీ కిందికీ మామూలుగానే ఆడుతోంది. ఇంత చెడ్డ కబురు ఒకే గుక్కలో చెప్పి, ఇంత భయపడి, ఆ మనిషి నిలబడే ఉన్నాడు. ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది ఆయన గుండెనా, తన భయాన్నా అని ఆవిడకి అప్పుడు అనుమానం వచ్చింది. వచ్చేసరికి ఏడుపు వచ్చింది. కొంగు కోసం వెతికింది, ఒంటి మీద ఆసుపత్రి గౌను. ఆయన జేబులోంచి తువ్వాలు ముక్క తీసి కళ్ళు తుడిచాడు. దాని నిండా కూడా జుట్టే.

"నాకూ భయంగా ఉందండీ," అంది ఆవిడ. "చాలా రోజుల నుంచి."

ఆయన బయట కూతురి వైపు చెయ్యి ఊపి వెళ్ళమన్నాడు. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

"మొదట ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు.

ఆవిడ మెట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్క మాట కూడా కత్తిరించకుండా, అంతా చెప్పడం మొదలుపెట్టింది.